ఎంటూమ్డ్ మొదటి ఆల్బమ్ 'లెఫ్ట్ హ్యాండ్ పాత్': ఆ గిటార్ సౌండ్ కోసమైనా వినాలి

పాత తరం డెత్ మెటల్ (గురగురమనే గొంతు, మోత గిటార్లతో సాగే మెటల్ సంగీతం) అంటే మనవాళ్లు ముందు ఫ్లోరిడా బ్యాండ్ల పేర్లే చెబుతారు. డెత్, మోర్బిడ్ ఏంజెల్, ఒబిచ్యువరీ. వాటికి నేను వంక పెట్టను. కానీ ఈ సంగీతం ఎక్కడ మొదలుపెట్టాలి అని ఎవరడిగినా నేను చెప్పేది మాత్రం స్వీడన్ ఆల్బమే: 1990లో ఇయరేక్ రికార్డ్స్ తెచ్చిన ఎంటూమ్డ్ వాళ్ల 'లెఫ్ట్ హ్యాండ్ పాత్'.

కారణం ఆ గిటార్ సౌండ్. స్టాక్‌హోమ్‌లోని సన్‌లైట్ స్టూడియోలో, ప్రొడ్యూసర్ థామస్ స్కోగ్స్‌బెర్గ్ దగ్గర, 1989 చివర్లో రికార్డ్ చేశారు. బాస్ (Boss) కంపెనీవాళ్ల హెచ్‌ఎం-2 అనే చిన్న నల్ల పెడల్ ఉంటుంది, గిటార్ శబ్దాన్ని గరగరలాడించేది, దానికి నాలుగు నాబ్‌లు: లెవెల్, లో, హై, డిస్టార్షన్. మామూలుగా ఎవరైనా వాటిని చూసి చూసి కొంచెం కొంచెం తిప్పుకుంటారు. వీళ్లు నాలుగూ చివరిదాకా తిప్పేసి గిటార్ శ్రుతి బాగా కిందికి దించి వాయించారు. సామిల్లులో పెద్ద దుంగని రంపానికి పెట్టినప్పుడు వచ్చే మోత ఉంటుంది చూడండి, సరిగ్గా అదే. ఈ పద్ధతికి ఆద్యుడు లీఫ్ కుజ్నర్ అంటారు, ఎంటూమ్డ్‌కి ముందు ఇదే కుర్రాళ్లు నడిపిన నైహిలిస్ట్ బ్యాండ్‌లో ఉండేవాడు.

అంత మోతలోనూ రిఫ్‌లు (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్కలు) ఒక్కొక్కటీ విడివిడిగా వినిపిస్తాయి, నాకు అన్నిటికంటే నచ్చేది అదే. ఆ పెడల్ మధ్యస్థాయి శబ్దాన్ని బాగా పైకి లేపుతుంది, అందుకే డ్రమ్స్ ఎంత దంచినా గిటార్ అడుగున పడిపోదు. పాటలు కూడా అప్పటికప్పుడు అల్లినవి కావు, 'రెవెల్ ఇన్ ఫ్లెష్', 'ఆబ్నార్మల్లీ డిసీస్డ్' లాంటివి నైహిలిస్ట్ డెమోల (ఆల్బమ్‌కి ముందు చేసుకునే నమూనా రికార్డింగుల) నుంచి వచ్చాయి, వాయించి వాయించి అరిగిన పాటలని వింటేనే తెలిసిపోతుంది. రికార్డింగ్ నాటికి డ్రమ్మర్ నికే ఆండర్సన్‌కి 17 ఏళ్లు, గాయకుడు ఎల్-జీ పెట్రోవ్‌కీ అంతే! బేస్ గిటార్‌కి వేరే మనిషి లేకపోతే నికే, గిటారిస్ట్ ఉఫె సెడర్లుండ్ కలిసి వాళ్లే కానిచ్చేశారు.

టైటిల్ పాట గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. పెట్రోవ్ అరుపుతో మొదలై ఆగకుండా పరుగెడుతుంది, డ్రమ్స్‌లో హార్డ్‌కోర్ పంక్ (వేగంగా, మొరటుగా సాగే రాక్) వాసన స్పష్టంగా ఉంటుంది. సగం దాటాక ఒక్కసారిగా వేగం తగ్గిపోయి, 1979 నాటి హారర్ సినిమా 'ఫాంటాజం' థీమ్ మెల్లగా పైకి వస్తుంది, దాని మీద గిటార్ సోలో. ఆరున్నర నిమిషాల పాట, అయినా ఎక్కడా సాగదీసినట్టు ఉండదు. డెత్ మెటల్‌లో మెలొడీ ఏముంటుందండీ అనేవాళ్లకి నేను ఈ ఒక్క ముక్కే వినిపిస్తాను.

పెట్రోవ్ గొంతు గురించి కూడా చెప్పాలి. డెత్ మెటల్‌లో పాడే ఈ తీరుని గ్రౌల్ అంటారు, అతని గ్రౌల్ అంటే గురగుర మాత్రమే కాదు, కోపం, బాధ అన్నీ అందులో తెలుస్తాయి, మాటలు కూడా చాలాచోట్ల అర్థమవుతాయి. క్యాన్సర్‌తో 2021 మార్చిలో 49 ఏళ్లకే పోయాడు. ఆ వార్త తర్వాత 'బట్ లైఫ్ గోస్ ఆన్' వినడం నాకు కష్టంగానే ఉంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. రెండో సగంలో 'బిటర్ లాస్', 'మోర్బిడ్ డివౌర్‌మెంట్' దగ్గరికొచ్చేసరికి పాటలు ఒకదానిలా ఒకటి అనిపిస్తాయి. బేస్ విడిగా దాదాపు వినపడదు. లిరిక్స్ నిండా చావూ శవాలూ కుళ్లూనే, అది పడనివాళ్లకి ఈ ఆల్బమ్ పడదు.

డాన్ సీగ్రేవ్ వేసిన కవర్ మాత్రం పెద్ద సైజులో చూడాల్సిందే, కాబట్టి డబ్బులుంటే ఎల్‌పీ (పెద్ద వినైల్ రికార్డ్) తీసుకోండి. పాటలే ముఖ్యం అనుకుంటే సీడీ మంచిది, అందులో 'కార్నల్ లెఫ్టోవర్స్', 'ప్రిమెచ్యూర్ ఆటాప్సీ' అదనంగా వస్తాయి, రెండూ వదులుకునే పాటలు కావు. ఫోన్ స్పీకర్‌లో మాత్రం దయచేసి వినకండి, కింది శబ్దమంతా పోయి ఉత్త గీపెట్టడమే మిగులుతుంది. ఒక మాదిరి హెడ్‌ఫోన్స్ చాలు, వాల్యూమ్ కాస్త పెంచి ముందు టైటిల్ పాట, తర్వాత 'డ్రౌన్డ్' వినండి.