కాన్ఫరెన్స్ పేపరా, జర్నల్ పేపరా?

భీమవరం, కాకినాడ, తాడేపల్లిగూడెం వైపు కంప్యూటర్ సైన్స్ మాస్టార్లని కదిపితే చాలు, పరిశోధన పేపరు ఎక్కడికి పంపాలన్న ఇదే గోల.

ఖర్చు: జర్నల్‌కి చందా పద్ధతిలో (చదివేవాళ్లే డబ్బు కట్టేది) ఇస్తే చాలాచోట్ల పైసా అక్కర్లేదు, ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదివేది) అంటే మాత్రం ఫీజు లక్ష దాటొచ్చు. కాన్ఫరెన్స్‌కి రిజిస్ట్రేషన్, బయటి దేశమైతే వీసా, విమానం టికెట్టు.

సమయం: న్యూరిప్స్ అనే పెద్ద ఏఐ కాన్ఫరెన్స్‌కి మే నెలలో పంపితే సెప్టెంబరుకి తేలిపోతుంది. జర్నల్ ఏడాది లాగినా ఆశ్చర్యం లేదు. కానీ అక్కడ పేపరు పరిశీలించే రివ్యూయర్ తప్పు చూపిస్తే దిద్ది మళ్లీ పంపొచ్చు. కాన్ఫరెన్స్ కాదంటే ఇంకో డెడ్‌లైన్ వెతుక్కోవాల్సిందే.

పేరు: ఇక్కడే అసలు చిక్కు. మిగతా సైన్సుల్లా కాదు, ఈ రంగంలో పెద్ద పనులు ముందు కాన్ఫరెన్సుల్లోనే వస్తాయి, ఇప్పటి చాట్‌బాట్లకి మూలమైన ట్రాన్స్‌ఫార్మర్ అనే మోడల్ 2017లో వచ్చింది కూడా న్యూరిప్స్‌లోనే. మన ప్రమోషన్ల లెక్కలో మాత్రం జర్నల్‌దే పైచేయి. అన్యాయమే, కానీ ఉన్నమాట.

రిస్కు: రెండింట్లోనూ దొంగ సరుకుంది. వారంలో అచ్చేస్తాం, డబ్బు కట్టండి అంటే పారిపోండి. 2025లో యూజీసీ తన కేర్ జాబితా (నమ్మదగిన జర్నళ్ల పట్టిక) ఆపేసింది, ఇక మంచిచెడ్డలు మనమే చూసుకోవాలి.

ప్రమోషన్ దగ్గరపడినవాళ్లు, రొయ్యల చెరువుల్లో రోగాలు గుర్తించడంలాంటి పనికి రెండు మూడు సీజన్ల డేటా పోగేసినవాళ్లు జర్నల్‌కి వెళ్లండి. కొత్త మోడల్ ఐడియా ఉండి, పోటీ భయం ఉంటే, లేదా మీ స్టూడెంట్ పైచదువుకి బయటికి వెళ్లాలనుకుంటే కాన్ఫరెన్సే.