టెండన్ నల్లబడితే: కాంపౌండ్, బీమ్ స్టీరింగ్ బటన్లు ఎంతవరకు ఆదుకుంటాయి

కీళ్లు, కండరాల అల్ట్రాసౌండ్ స్కాన్లలో లీనియర్ ప్రోబ్‌తో ఈ రెండు బటన్లనూ ఏళ్ల తరబడి వాడాక తేలిందేమిటంటే, రెండూ పనికొచ్చేవే, కానీ అనైసోట్రోపీని (బీమ్ కోణం మారితే టెండన్ నల్లగా కనబడే లోపాన్ని) అసలు వదిలించేది ప్రోబ్ పట్టిన చెయ్యే.

కండరాన్ని ఎముకకు కట్టే టెండన్ పీచులు అద్దం లాంటివి. బీమ్ (ప్రోబ్ పంపే ధ్వని పుంజం) నిలువుగా, 90 డిగ్రీల్లో తగిలితే ప్రతిధ్వని తిరిగి ప్రోబ్‌కే చేరి పీచులు తెల్లగా మెరుస్తాయి. కొద్ది డిగ్రీలు వాలినా అది పక్కకు పోతుంది, అక్కడ నల్లగా పడుతుంది. చూస్తే అచ్చం చిరుగులాగే ఉంటుంది. గెయిన్ (ప్రతిధ్వనిని పెంచి చూపే మీట) పెంచి లాభం లేదు, చుట్టూ ఉన్నవన్నీ కూడా తెల్లబడతాయి.

ఎక్కువ మోసం చేసేది భుజంలోని సుప్రాస్పైనేటస్ టెండన్. ఎముకకు అతుక్కునే చోట పీచులు కిందికి వంగుతాయి కాబట్టి నిలువు కోతలో (టెండన్‌ను పొడవుగా చూసేటప్పుడు) చివరి కొన్ని మిల్లీమీటర్లు నల్లగా వస్తాయి. ప్రోబ్‌ను కాస్త బయటికి జరిపి, బయటి కొసను మెల్లగా లోపలికి నొక్కండి. ఆ నలుపు పోతే అది కోణం తప్పే. ఎటు వాల్చినా, అడ్డకోతలోనూ అలాగే నిలిచిపోతే అప్పుడు చిరుగు గురించి ఆలోచించాలి.

కాంపౌండ్ ఇమేజింగ్ పలు కోణాల ఫ్రేములను కలిపేస్తుంది, నలుపు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. మామూలుగా ఆన్‌లోనే ఉంచడం మంచిది. అయితే ఫ్రేమ్ రేటు (సెకనుకు వచ్చే చిత్రాల సంఖ్య) పడిపోతుంది. చీలమండ దగ్గర పెరోనియల్ టెండన్ జారుతోందా అని కదిలిస్తూ చూసేటప్పుడు కాంపౌండ్‌ను తగ్గించాలి. చిన్న కాల్షియం ముద్ద వెనక నీడ కూడా పలచబడుతుంది, అనుమానం ఉంటే ఆపి మళ్లీ చూడాలి.

బీమ్ స్టీరింగ్ విషయంలో చాలామంది పొరబడేది ఇక్కడే: అది బీమ్‌ను ప్రోబ్ పొడవు వెంబడి మాత్రమే వంచుతుంది. అందుకే టెండన్‌ను పొడవుగా చూస్తున్నప్పుడే పనికొస్తుంది. అడ్డకోతలో భుజం ఎముక గాడిలోని బైసెప్స్ టెండన్ నల్లబడితే స్టీరింగ్ ఏమీ చేయలేదు, బీమ్ తల వైపుకు చూసేలా ప్రోబ్‌నే వాల్చాలి.

ట్రాపెజాయిడ్ వ్యూ (చిత్రాన్ని రెండు పక్కలా వెడల్పు చేసే సెట్టింగ్) ఆపేయండి. అంచుల్లో బీమ్ ఏటవాలుగా పోయి, బాగున్న టెండన్ కొసలు కూడా నల్లగా వస్తాయి. మోకాలి చిప్ప కిందుండే పటెల్లార్ టెండన్‌కైతే మోకాలి కింద దిండు పెట్టి 30 డిగ్రీలు వంచితే చాలు, వదులుగా అలలు పడిన పీచులు బిగుసుకుని తిన్నబడతాయి.

ఇదే లోపం మణికట్టులోని కార్పల్ టన్నెల్‌లో కలిసొస్తుంది. ప్రోబ్ వాలిస్తే టెండన్లు నల్లబడతాయి, మీడియన్ నరం అంతగా మారదు. నరాన్ని వెంటనే గుర్తుపట్టొచ్చు.