బార్కస్ మండీ: ముందు ఉత్త అన్నం తిని చూడండి

మండీ అంటే అన్నం, మాంసం కలిపి వండే యెమెన్ వంట. ఆ బోర్డు ఇప్పుడు విజయవాడలోనూ కనిపిస్తుంది, వరంగల్‌లోనూ కనిపిస్తుంది. అయినా దానికోసం హైదరాబాద్ వచ్చి బార్కస్ వెతుక్కుంటూ పోయేవాళ్ళు తగ్గలేదు. చార్మినార్ నుంచి శాలిబండ, ఫలక్‌నుమా మీదుగా చాంద్రాయణగుట్ట చౌరస్తా దాటితే బార్కస్. అదే రోడ్డు పహాడీ షరీఫ్ వైపు పోతుంది. పొద్దుగూకాక దారి పొడవునా మండీ హోటళ్ళ లైట్లే. బయటి హంగు చూస్తే ఏది మంచిదో తేలదు. ఇది ఒక్క హోటల్ గురించి కాదు, మొత్తం ఆ రోడ్డు గురించి.

యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో కొలువుకు వచ్చిన అరబ్బుల వారసుల పేట ఇది. వీళ్ళను ఊళ్ళో చావూష్‌లంటారు. ఇక్కడ సైన్యంలో జమేదార్లుగా గడించిన డబ్బుతోనే కుఐతీ కుటుంబం అక్కడ హద్రమౌత్‌లో రాజ్యం నిలబెట్టుకుంది. 1948 పోలీసు చర్య తర్వాత చాలామందిని వెనక్కి పంపేశారు. ఉండిపోయిన కుటుంబాల పిల్లలు తర్వాత గల్ఫ్ ఉద్యోగాలకు వెళ్ళారు. గోధుమ, మాంసం కలిపి ఉడికించే హరీస్ ఈ పేటలో పాత వంట. మండీ హోటల్ వ్యాపారంగా ఊపందుకున్నది మాత్రం గత రెండు దశాబ్దాల్లోనే. రెంటికీ వేళలు వేరు, మంచిచెడ్డలు పసిగట్టే తీరూ వేరు.

అసలు మండీ నేలలోకి దించిన తందూరులో అవుతుంది. అడుగున నిప్పులు, వాటిపైన మసాలా నీళ్ళలో బియ్యం గిన్నె, దానిమీద జల్లెడలాంటి ఇనుప చట్రం, చట్రం మీద మాంసం. మూత వేసి అంచులు గాలి పోకుండా మూసేస్తారు. మసాలా అంటే జీలకర్ర, మిరియాలు, ధనియాలు, యాలకులు, పసుపు. ఎండుమిర్చి ఉండదు. కోడికి గంట చాలు, మటన్‌కు రెండు గంటలు దాటుతుంది. అంతసేపు మాంసం నుంచి కారే కొవ్వు, రసం కింది అన్నంలో పడుతూనే ఉంటాయి. మండీ రుచంతా ఆ చుక్కల్లోనే ఉంది. ఇంతసేపు ఆవిరికి మామూలు బాస్మతి విరిగిపోతుంది కాబట్టి సెల్లా బాస్మతి, అంటే ఉప్పుడు బాస్మతి వాడతారు, గంటసేపు నానబెట్టి.

ఆర్డర్ ఇచ్చాక తందూరులో మటన్ పెట్టడం కుదరదు. విడతలవారీగా వండాలి, అయిపోతే లేదని చెప్పాలి. లేదని చెప్పడం ఇష్టంలేని చోట మాంసం కుక్కర్‌లో ఉడుకుతుంది, అన్నం వేరే డేగిసాలో ఉడుకుతుంది, పైన పసుపు రంగు పడుతుంది. చివర్లో మండే బొగ్గు మీద నెయ్యి చుక్క వేసి పొగ పట్టిస్తారు. కనిపెట్టడం తేలికే. ముక్కకు దూరంగా పళ్ళెం అంచున ఉన్న అన్నం ఒక ముద్ద తినండి, చట్నీ కలపకుండా. పొగ వాసన ముక్కుకు తగిలి, నాలుకకు మాంసపు రుచి అందకపోతే అది బొగ్గు పొగే. తందూరు మటన్ ఎముక నుంచి జారిపోతుంది, లోపల చెమ్మ ఉంటుంది. కుక్కర్ మటన్ కూడా జారుతుంది కానీ పీచుపీచుగా విడిపోతుంది, చప్పగా ఉంటుంది.

మెనూలో జ్యూసీ, ఫ్రై, ఫహం అని మూడు కనిపిస్తాయి. ఉడికిన ముక్కను వేయించకుండా అలాగే ఇస్తే జ్యూసీ. దాన్నే మసాలాతో నూనెలో వేయిస్తే ఫ్రై. కారం కోసం అడిగే మనవాళ్ళ పుణ్యమే అది. తినడానికి బాగానే ఉంటుంది గానీ దానికోసం బార్కస్ దాకా రానక్కర్లేదు. ఫహం బొగ్గుల మీద కాల్చిన కోడి. తొడ ముక్క అడగండి, రొమ్ము ముక్క త్వరగా ఎండిపోతుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు జ్యూసీ మటన్ తీసుకోండి. మెడ, భుజం ముక్కల్లో కొవ్వు ఉంటుంది కాబట్టి మెత్తగా వస్తాయి. తొడ ముక్క చూడటానికి ఘనంగా ఉంటుంది, తింటే కొంచెం పొడి. బిర్యానీ లెక్కన కారం ఆశించి, చప్పగా ఉందని రేటింగ్ తగ్గించేవాళ్ళతో వాదన పెట్టుకోను. టమాటా పచ్చిమిర్చి చట్నీ పక్కనే ఇస్తారు. మయోనైజ్ మాత్రం అన్నంలో కలపకండి, ఉన్న రుచి కూడా పోతుంది.

రేటు మనిషికి కాదు, పళ్ళెం సైజుకు. ఇద్దరి పళ్ళెంలో అన్నం తరచూ ముగ్గురికి సరిపోతుంది, ముక్కలు మాత్రం ఇద్దరికే. ముగ్గురు వెళ్తే ఇద్దరి పళ్ళెం, పైన ఒక ముక్క విడిగా చెప్పండి. పళ్ళెం చుట్టూ కింద కూర్చుని తినడం ఇక్కడి పద్ధతి, అది కష్టమైన పెద్దవాళ్ళు వెంట ఉంటే టేబుళ్ళు ఉన్నాయా అని ముందే అడగాలి.

నా తూకంలో మండీ కన్నా హరీస్‌కే మార్కులు ఎక్కువ. గోధుమలు రాత్రంతా నానబెట్టి, ఎముకతో ఉన్న మాంసంతో కలిపి సన్న సెగ మీద గంటల తరబడి ఉడికించి, కర్రతో దంచుతారు. 2010లో భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన హైదరాబాదీ హలీంకు ఇది పూర్వరూపం. ఇందులో పప్పులు ఉండవు, మసాలా పేరుకే. నాలుకకు తెలిసేది గోధుమ, నెయ్యి, మాంసం. ఇక్కడివాళ్ళు దీన్నీ హలీం అనే పిలుస్తారు, రంజాన్ కోసం ఆగకుండా ఏడాది పొడవునా తింటారు. ఖారీ అంటే ఉప్పుది, మీఠీ అంటే చక్కెర వేసింది. మాంసంలో చక్కెరా అని మొహం చిట్లించకుండా రెండూ చిన్న ప్లేట్లు తీసుకుని చూడండి. పొద్దున్నే వెళ్ళాలి, ఎండెక్కితే గిన్నె అడుగు కనిపిస్తుంది. గోధుమ అడుగుకు చేరుతుంది కాబట్టి కలపడం ఆపితే మాడు వాసన గిన్నెంతా పడుతుంది. ప్లేటు దగ్గరికి రాగానే వాసన చూడండి. గరిటె నుంచి ముద్దగా జారాలి, ధారగా కారితే ఆఖర్లో నీళ్ళు కలిపినట్టే.

శుక్రవారం జుమ్మా నమాజు వేళ, రంజాన్ నెలలో పగటిపూట వెళ్ళకండి. మండీ పార్సిల్ తీసుకుంటే ముక్క, అన్నం విడిగా కట్టమనండి, దాంతో ఇచ్చే సూప్ ఇంకొంచెం అడగండి. ఇంట్లో అన్నం మీద రెండు చెంచాల సూప్ చల్లి, మూత పెట్టి సన్న సెగ మీద వేడి చేస్తే మెతుకు గట్టిపడదు.