తేమ డబ్బానా, వేడినీళ్ల సిరంజినా?

కాగితపు మడతలో ఎండి బిగుసుకుపోయిన సీతాకోకచిలుకను రెక్కలు పరిచే ముందు ఎలా మెత్తబరచాలి? జువాలజీ చదివే పిల్లలు ఏటా ఇదే అడుగుతుంటారు. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది తేమ డబ్బా. విశాఖలో ఉండేవాళ్లకు, కాస్త పెద్ద ఒళ్లున్న వాటికి మాత్రం నేను సిరంజే వాడమంటాను.

తేమ డబ్బాను తీసిపారేయడానికి లేదు. అడుగున తడి ఇసుక, పైన జాలీ, గట్టి మూత, అంతే సరంజామా. మీసాలు, కాళ్లు, పొట్ట అన్నీ మెత్తబడతాయి. ఒకేసారి చాలా పెట్టుకోవచ్చు. చిన్నవాటికి ఒకటి రెండు రోజులు, పెద్దవాటికి మూడు నాలుగు రోజులు పడుతుంది. మన ఊళ్లో చిక్కంతా ఆ మూడు నాలుగు రోజులతోనే. జూలై, ఆగస్టు ఉక్కలో పొట్ట మీద తెల్లగా బూజు మొదలవుతుంది. బూజును ఆపే థైమాల్ పలుకులు నాలుగు వేస్తే కొంత ఆగుతుంది. మూతకు పట్టిన నీటిచుక్క రెక్క మీద పడితే మాత్రం మరక పోదు.

అసలు తేడా ఇంకోటి. రెక్కలో కండ ఉండదు. దాన్ని ఆడించే కండలన్నీ ఛాతీలో ఉంటాయి, ఎండి బిగిసేది అవే. డబ్బాలో తేమ అక్కడికి చేరేది అన్నిటికన్నా చివర. పైకి మెత్తగానే కనిపిస్తుంది, రెక్కలు పరిచే బోర్డు మీద లాగితే రెక్క మొదలు దగ్గర పుటుక్కుమంటుంది. విరక్కపోయినా, పిన్నులు తీశాక రెక్క మెల్లగా పాత చోటికే జారుతుంది. సిరంజి నీళ్లను నేరుగా ఆ కండలోకే పంపిస్తుంది.

ఇన్సులిన్ సిరంజి చాలు. మరిగిన నీళ్లు ఎక్కించి, రెక్కల మొదళ్ల కింద, ఛాతీ పక్క నుంచి సూది దించి మెల్లగా వదలండి. మెడ దగ్గరో కాలి మొదట్లోనో చిన్న చుక్క ఉబికితే ఆపేయండి. కొన్ని నిమిషాలాగి, మొండి ఫోర్సెప్స్‌తో రెక్క మొదలు పట్టుకుని కదపండి. మొరాయిస్తే మళ్లీ వేడినీళ్లు, బలం వద్దు. గన్నేరు మీద పెరిగే కామన్ క్రో అనే సీతాకోకచిలుక, కరివేపాకు మీద పెరిగే నిమ్మ సీతాకోకచిలుక దీనికి చక్కగా లొంగుతాయి. నేర్చుకోవడానికి పెరట్లో దొరికేవే చాలు, కంబాలకొండ అభయారణ్యంలోంచి అనుమతి లేకుండా చచ్చినదాన్ని కూడా తేకూడదు.

సిరంజి లోటు మీసాల దగ్గర తెలుస్తుంది. అవి పెళుసుగానే ఉంటాయి, తడి కుంచెతో విడిగా మెత్తబరచాలి. గోరంత నీలి సీతాకోకచిలుకలకైతే సూదే ఛాతీని చీలుస్తుంది. వాటికి డబ్బాయే.

పరచడానికి బోర్డా, థర్మాకోలా అంటే, ఒళ్లు కూర్చునే గాడి సరిగ్గా కోయగలిగితే థర్మాకోల్ సరిపోతుంది. దూది మీద పరిచి అద్దం బిగించే ఫ్రేము గోడకు బాగుంటుంది గానీ, కింది వైపు కనబడదు కాబట్టి సేకరణకు పనికిరాదు. పిన్ను మాత్రం స్టెయిన్‌లెస్ స్టీల్‌దే కొనండి, మన ఉప్పుగాలికి మామూలు గుండుసూది తుప్పు పట్టి ఛాతీని పగలగొడుతుంది.

ముందు రెక్క వెనక అంచు ఒంటికి లంబంగా రావాలి. వెనక రెక్క పై అంచు దాని కిందికి దూరాలి. పైన ట్రేసింగ్ పేపరు పట్టీ వేసి, పిన్నులు రెక్క చుట్టూ గుచ్చాలి, రెక్కలో కాదు. వానాకాలంలో బోర్డును తేమ పీల్చే సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో ఆరబెట్టండి. ఆరిందో లేదో పొట్టను సూదిమొనతో తాకి చూడండి. పొట్ట ఒక్కటే ఊగితే ఇంకా పచ్చి ఉన్నట్టు, పిన్నులు తీయకండి.