ఊరు వదిలినవాళ్లకి ఉచిత లాయరు: శ్రీకాకుళం న్యాయ సేవాధికార సంస్థ

కూలి డబ్బులు రాక తిరిగొచ్చిన వలస కార్మికులకి, వంశధార ప్రాజెక్టు నిర్వాసితులకి జిల్లా కోర్టు ఆవరణలోని ఈ ఉచిత న్యాయ సహాయం గట్టి ఆసరా. అర్హత ఉంటే లాయరు ఫీజు, కోర్టు ఫీజు రెండూ కట్టక్కర్లేదు.

1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, విపత్తు బాధితులు, కస్టడీలో ఉన్నవాళ్లు ఆదాయంతో పనిలేకుండా అర్హులు. పౌరసత్వం షరతు లేదు కాబట్టి శరణు కోరి వచ్చిన విదేశీ మహిళ కూడా అడగొచ్చు. శరణార్థి కార్డు మాత్రం ఇక్కడ ఇవ్వరు. భారత్ 1951 అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందంలో చేరలేదు. శ్రీలంక తమిళులు, టిబెటన్లు కాని చాలామంది నమోదు ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ చూస్తుంది.

తెల్లకాగితం మీద అర్జీ చాలు. రాయడం రాకపోతే నోటితో చెప్పండి, సిబ్బంది రాసుకుంటారు. రసీదు అడిగి తీసుకోండి. దూరంగా ఉంటే న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి.

కూలి కేసులు ఎక్కువగా దెబ్బతినేది చిరునామా దగ్గర. మేస్త్రీ పేరొక్కటే చెబితే నోటీసు ఎవరికి పంపుతారు? సైటు బోర్డు ఫొటో, గేటు పాసు, ఫోన్‌పే జమలు, హాజరు పుస్తకం పేజీ, ఏది దొరికితే అది పట్టుకెళ్లండి. కంపెనీ పేరు తేలితే సగం పని అయినట్టే.

లోక్ అదాలత్‌లో రాజీ త్వరగా తేలుతుంది, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. కానీ ఆ అవార్డు, అంటే అక్కడిచ్చే తీర్పు మీద అప్పీలు ఉండదు. మొత్తం ఎంత, ఏ తేదీకి ఇస్తారు అన్నవి చదివించుకున్నాకే వేలిముద్ర వేయండి.