సీఆర్ఎమ్ కొంటున్నారా? మా దుకాణం నంబరే మాకు కాకుండా పోయింది

ఖాతాదారుల వివరాలు దాచుకోవడానికి ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్, అదే సీఆర్ఎమ్, కొనే ఆలోచనలో ఉన్న చిన్న వ్యాపారులు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. కంపెనీ పేరు రాయడం లేదు. వ్యవహారం ఇంకా తేలలేదు. పైగా ఇలా చేసేది ఆ ఒక్క కంపెనీయే అని నేను అనుకోవడం లేదు.

రాజమహేంద్రవరంలో మాది ఆర్‌వో వాటర్ ప్యూరిఫయర్లు అమ్మి, సర్వీసు చేసే దుకాణం. ఇద్దరు టెక్నీషియన్లు, ఫోన్లు చూసుకునే అమ్మాయి, నేను. యంత్రం అమ్మితే మిగిలేది కొద్దిగానే; మా బతుకంతా ఏఎంసీల (ఏడాది సర్వీసు ఒప్పందాల) మీద, గడువుకు మార్చే ఫిల్టర్ల మీద. పదకొండేళ్లు రిజిస్టర్లతో నెట్టుకొచ్చాం. ఇళ్లు 1,400 దాటాక తప్పులు మొదలయ్యాయి. ఒకే ఇంటికి ఒకే రోజు ఇద్దరు టెక్నీషియన్లూ వెళ్లారు. గడువు దాటిన ఇళ్లను మరచిపోయాం. అప్పుడే డెమో చూడమని ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఫోను వచ్చింది.

డెమో చక్కగా ఉంది. ఎందుకుండదు? అది వాళ్లు రోజుకు పదిసార్లు ఆడే నాటకం. రంగురంగుల గ్రాఫులు చూసి నేను తల ఊపాను. యూజర్‌కు నెలకు 600 రూపాయలు అన్నారు. మాకు కావలసింది ముగ్గురికే, కానీ కనీసం ఐదుగురికి, ఏడాది మొత్తం ఒకేసారి కట్టాలన్నది చివర్లో బయటపడింది. 36,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 42,480. నమోదు చేసేటప్పుడు మా జీఎస్టీ నంబరు ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. బిల్లు మా జీఎస్టీ నంబరు లేకుండానే వచ్చింది. ఎన్నిసార్లు అడిగినా సవరించి ఇవ్వలేదు. ఆ 6,480 రూపాయల ఇన్‌పుట్ క్రెడిట్, అంటే మేము కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోగలిగే సొమ్ము, గోదావరిలో కలిసింది.

ప్యాకేజీలో 5,000 ఎస్సెమ్మెస్‌లు ఉచితమన్నారు. ఏడాదంతా సరిపోతాయనుకున్నాను. ఒక్క విడతకే 4,200 ఖర్చయ్యాయి. ఇంగ్లీషులో అయితే ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 మాత్రమే. అందులోనూ గుణింతం గుర్తు, పొల్లు, సున్న దేనికదే విడిగా లెక్క. ‘రాజమహేంద్రవరం’ అన్న ఊరి పేరు ఒక్కటే 13 తింటుంది. ఫిల్టర్ మార్చే గడువు గురించి మేము మర్యాదగా రాసుకున్న నాలుగు ముక్కలు మూడు ఎస్సెమ్మెస్‌లయ్యాయి. ఇది మోసం కాదు, సాంకేతిక నియమం. కానీ తెలుగు ఊళ్లో సరుకు అమ్మేవాడు ముందే చెప్పాలి కదా!

ఇవన్నీ చిల్లర దెబ్బలు. అసలు దెబ్బ వాట్సాప్ దగ్గర తగిలింది.

“మీ దుకాణం నంబరునే మా సాఫ్ట్‌వేర్‌కు కలుపుతాం సార్, సందేశాలన్నీ ఒకేచోట కనిపిస్తాయి” అన్నారు. సరే అని ఓటీపీ చెప్పాను. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లు వాడేది మన ఫోనులో ఉండే వాట్సాప్ బిజినెస్ యాప్‌ను కాదు, వాట్సాప్ యజమాని మెటా సంస్థ వ్యాపారాలకు విడిగా ఇచ్చే ఏపీఐని, అంటే వేరే సాఫ్ట్‌వేర్ నుంచి సందేశాలు నడిపే మార్గాన్ని. మా నంబరు అందులోకి వెళ్లిన రోజునే దుకాణం ఫోనులో యాప్ పనిచేయడం మానేసింది. పాత సంభాషణలు పోయాయి. కారుతున్న గొట్టాల ఫోటోలు, ఇంటికి దారి చెప్పే మ్యాపులు, ‘డబ్బు పంపాను’ అన్న స్క్రీన్‌షాట్లు అన్నీ అందులోనే ఉండేవి. ఒకే నంబరుతో యాప్‌నూ ఏపీఐనీ కలిపి నడుపుకొనే వీలు కూడా ఉందని తరువాత తెలిసింది. ఆ కంపెనీ వాళ్లు దాని ఊసే ఎత్తలేదు.

ఇంకో సంగతి కూడా అప్పటికి నాకు తెలియదు. నంబరు చేరిన ఖాతాను వాళ్లు తమ పేరు మీద తెరిచారు. సిమ్ము నాది, పెత్తనం వాళ్లది.

ఏడాది తిరిగేసరికి ధర 900 అయింది. పన్నుతో కలిపి 63,720. కార్డు నుంచి డబ్బు దానంతట అదే పోతుందేమోనని భయపడ్డాను. రిజర్వ్ బ్యాంకు నిబంధన వల్ల ఇలాంటి ఆటో చెల్లింపులు 15,000 దాటితే ప్రతిసారీ ఓటీపీ ఇవ్వాలి కాబట్టి అక్కడ బతికిపోయాను. వద్దని మెయిలు రాశాను, నా ఖాతాదారుల వివరాలు నాకు ఇవ్వమన్నాను. ఎక్స్‌పోర్ట్ సదుపాయం పై ప్లానులో ఉంటుందన్నారు. పదిహేను రోజులు వెంటపడితే ఒక సీఎస్‌వీ ఫైలు (ఎక్సెల్‌లో తెరుచుకునే సాదా పట్టిక) పంపారు.

తెరిచి చూస్తే ఫోను నంబర్ల వరుస నిండా 9.19848E+11 లాంటివి. ముందు 91 ఉన్న పన్నెండంకెల సంఖ్యను ఎక్సెల్ అలా కుదించి చూపిస్తుంది. ఆ స్థితిలో సీఎస్‌వీగా భద్రపరిస్తే చివరి ఆరు అంకెలూ శాశ్వతంగా సున్నాలైపోతాయి. అక్కడ ఎవరో సరిగ్గా అదే చేశారు. చిరునామాలు తెలుగులో రాసుకున్నాం: ‘రామాలయం వెనుక సందు, నీలం గేటు’ అని. వాటి స్థానంలో వరుసగా ప్రశ్నార్థకాలు. అసలు ఫైలు మళ్లీ పంపమంటే ఖాతా మూసేశామన్నారు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని చాలామంది సలహా ఇచ్చారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార ప్రయోజనం కోసం తీసుకున్న సేవలను పక్కన పెడుతుంది. స్వయం ఉపాధితో బతికేవారికి కొంత వెసులుబాటు ఉంది గానీ, ముగ్గురికి జీతాలిచ్చే మీరు ఆ కోవలోకి వస్తారా అని వకీలుగారు మొదటే అడిగారు. పైగా నేను చదవకుండా ఒప్పుకున్న షరతుల్లో వివాదాలన్నీ బెంగళూరు కోర్టుల పరిధిలోనే అని ఉంది. అయినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాను.

మీరు నాలా చేయకండి. ఉచితంగా చూడమని ఇచ్చే రోజుల్లోనే పదిమంది నిజమైన ఖాతాదారులను తెలుగు చిరునామాలతో సహా ఎక్కించి, ఎవరి సాయమూ లేకుండా మీరే బయటకు దించుకోండి. ఆ ఫైలును నేరుగా రెండు నొక్కులతో తెరవవద్దు. ఎక్సెల్‌లో డేటా మెనూ నుంచి తెచ్చుకుని, తెలుగు అక్షరాలు చెడకుండా ఉండే యూటీఎఫ్-8 ఎంచుకుని, ఫోను నంబర్ల వరుసను టెక్స్ట్‌గా పెట్టండి. అంకెలూ అక్షరాలూ సరిగ్గా వస్తేనే ధర మాట్లాడండి. ఏడాదికి కడితే తగ్గింపు అంటారు. మొదటి మూడు నెలలు నెలవారీగానే కట్టండి. చెన్నై జోహో వాళ్ల సీఆర్ఎమ్‌లో ముగ్గురి వరకు ఉచితంగా వాడుకునే స్థాయి ఉందని నాకు డబ్బు కట్టాకే తెలిసింది. ముందు అలాంటి వాటిలో చేయి తిప్పుకోవచ్చు. వాట్సాప్‌కు కొత్త సిమ్ము ఇవ్వండి. ఊరంతా ఎరిగిన నంబరు ఇవ్వవద్దు. తప్పదంటే మెటా ఖాతా మీ పేరు మీదే తెరవాలని మెయిలులో రాయించుకోండి.

ఇప్పుడు అటక మీది రిజిస్టర్లు దించాం. పాత ఇళ్లు వాటిలో దొరికాయి. పోయిన ఏడాది కొత్తగా చేరిన 230 ఇళ్లు మాత్రం ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి. టెక్నీషియన్లు గుర్తున్నంత మేర వీధులు తిరిగి 140 ఇళ్లు పట్టుకున్నారు. మిగిలిన తొంభై ఇళ్లవాళ్లు ఫిల్టర్ మూసుకుపోయి కుళాయి సన్నగా కారే రోజున మా పాత నంబరుకే వాట్సాప్‌లో ఫోటో పెడతారు. అది మాకు చేరదు.