న్యూజెర్సీ తీరంలో స్ట్రైపర్ల వేట: ఏ రేవు, ఏ పడవ, ఏ వారం

నవంబర్ వచ్చిందంటే ఎడిసన్, ఐసెలిన్ చుట్టుపక్కల మనవాళ్లు బీచ్ కుర్చీలు గరాజ్‌లో పడేసి, మళ్లీ మే నెల దాకా షోర్ వైపు తొంగిచూడరు. కానీ సముద్రం మీద అసలు సందడి మొదలయ్యేది అప్పుడే. వేసవంతా మెయిన్, మసాచుసెట్స్ వైపు గడిపిన స్ట్రైప్డ్ బాస్ చేపలు చలి మొదలవగానే గుంపులుగా దక్షిణానికి దిగుతాయి. చలికాలం గడపడానికి వర్జీనియా, నార్త్ కరోలినా వైపు పోతూ న్యూజెర్సీ ఒడ్డును ఆనుకునే వెళతాయి. నీటి వేడి యాభైల ఫారెన్‌హీట్‌లోకి పడితే ఇక వాటి ఆకలికి అడ్డూ ఆపూ ఉండదు. ఇక్కడివాళ్లు దీన్ని ఫాల్ రన్ అంటారు. చేపను స్ట్రైపర్ అంటారు. వెండి ఒంటి మీద తల నుంచి తోక దాకా ఏడెనిమిది నల్లటి చారలుంటాయి కాబట్టి ఆ పేరు.

గోదావరి జిల్లాల వాళ్లకు ఈ చేప కథ చెప్పడం తేలిక. సముద్రంలో తిరిగి, గుడ్లు పెట్టడానికి నదికి ఎదురెక్కే పులస లాంటిదే ఇదీ. వసంతంలో హడ్సన్ నదిలోకి, చీసపీక్ బేలో కలిసే నదుల్లోకి ఎక్కి గుడ్లు పెడుతుంది. ఇంకో తమాషా ఏమిటంటే, శరదృతువులో ఇది వెంటబడి తినే బంకర్ అనే చేప పులసకు దూరపు చుట్టం. అదే నూనె, అవే ముళ్లు. మనుషులు మాత్రం దాన్ని వండుకోరు, ఎరగానే వాడతారు.

ఈ సీజన్‌లో మా బావతో కలిసి మూడు రేవుల నుంచి పడవలెక్కాను. బావది భీమవరం. చేప విషయంలో ఆయన మాటకు మా ఇంట్లో ఎదురుండదు. మూడు చోట్లా ఒకే చేప కోసమే వెళ్లినా, రేవు మారితే రోజంతా మారిపోతుంది.

అట్లాంటిక్ హైలాండ్స్ మాకు అన్నిటికంటే దగ్గర. గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద ఎగ్జిట్ 117 దగ్గర దిగి రూట్ 36 పట్టుకుంటే హార్బర్ దాకా దారి సూటిగా ఉంటుంది. ఇక్కడి పడవలు ఎక్కువగా రారిటన్ బే లోనూ, శాండీ హుక్ మూల చుట్టూ తిరుగుతాయి. ఇసుక నాలుకలా పొడుచుకొచ్చిన శాండీ హుక్ సముద్రపు అలలను ఆపుతుంది కాబట్టి, తూర్పు గాలి వీచే రోజున బయట అల్లకల్లోలంగా ఉన్నా లోపల పడవ అంతగా ఊగదు. కడుపులో తిప్పే వాళ్లకు, మొదటిసారి పడవెక్కే వాళ్లకు నేను ఈ రేవే చెబుతాను. ఒకవైపు వెరజానో వంతెన, ఆ వెనక మన్‌హాటన్ మేడలు, ఇంకోవైపు 1764లో కట్టిన శాండీ హుక్ లైట్‌హౌస్ కనిపిస్తాయి. దేశంలో ఇప్పటికీ వెలుగుతున్న లైట్‌హౌసుల్లో అంతకంటే పాతది లేదు. చిక్కల్లా శని, ఆదివారాల్లోనే. సొంత పడవల వాళ్లంతా అదే బేలోకి దిగుతారు. ఒక చోట పక్షులు వాలాయంటే అన్ని వైపుల నుంచీ మోటార్లు మోగించుకుంటూ వచ్చి పడతారు, చేపలు బెదిరి కిందికి పోతాయి. సెలవు పెట్టగలిగితే మామూలు రోజున వెళ్లండి.

బెల్మార్ నాకు నచ్చిన రేవు. పార్క్‌వే 98 దగ్గర దిగి రూట్ 35కి వస్తే షార్క్ రివర్ పక్కనే మెరీనా. కారు లేనివాళ్లు ఎన్‌జే ట్రాన్సిట్ నార్త్ జెర్సీ కోస్ట్ లైన్‌లో బెల్మార్ స్టేషన్‌లో దిగవచ్చు. అయితే పొద్దున్నే బయల్దేరే పడవకు రైలు వేళలు కుదరవు, మధ్యాహ్నం పడవకైతే సరే. ఇన్‌లెట్ (నది సముద్రంలో కలిసే ఇరుకు దారి) దాటితే చాలు, సముద్రమే. చాలా రోజులు చేప బీచ్‌కు ఎంత దగ్గరగా ఉంటుందంటే, బోర్డ్‌వాక్ మీద కుక్కను నడిపించే మనిషి పడవలోంచి కనిపిస్తాడు. ప్రయాణంలో టైమ్ పోదు, వేటకే ఎక్కువ మిగులుతుంది.

బావ మర్చిపోలేనంటున్న పొద్దు అక్కడిదే. తెల్లటి గానెట్ పక్షులు రెక్కలు ముడిచి, ఎత్తు నుంచి బాణాల్లా నీళ్లలోకి పడుతున్నాయి. కింద బంకర్ల గుంపు నల్లటి మరకలా కదులుతోంది. దాని పక్కనే హంప్‌బ్యాక్ తిమింగలం నోరు తెరుచుకుని పైకి లేచింది. కెప్టెన్ దానికి దూరంగా పడవ ఆపి, గాలికి వదిలేసి, హారన్ ఒకసారి కొట్టాడు. గాలాలు దించమని సైగ. పొడవాటి తళతళలాడే జిగ్ అనే లోహపు ఎరను అడుగు దాకా దించి, పైకి నాలుగు చుట్లు తిప్పి, మళ్లీ వదలాలి. బావ రాడ్ ఒక్కసారి విల్లులా వంగింది. రీల్ నుంచి దారం కుయ్‌మంటూ పోతోంది. "బావా, తిప్పకు, దాన్ని లాగనీ" అని నేను అరుస్తుంటే, "నాకు చెప్తావా!" అని ఆయన ఇంకా గట్టిగా అరిచాడు. పైకొచ్చిన చేప నలభై అంగుళాలు. మేట్, అంటే పడవలో సాయం చేసే మనిషి, దాన్ని దవడ పట్టుకునే బోగా పట్టుతో ఎత్తి, ఫొటో తీయించి, మళ్లీ నీళ్లలో వదిలేశాడు. బావ మొహం చూడాలి!

వదలడానికి కారణం రూలు. న్యూజెర్సీలో ఇప్పుడు మనిషికి రోజుకు ఒక్క చేప, అదీ 28 అంగుళాలకు తగ్గకుండా 31 దాటకుండా ఉన్నదే ఉంచుకోవాలి. ముక్కు కొస నుంచి తోక కొస దాకా కొలత. పెద్దవన్నీ దాదాపు ఆడ చేపలు. లక్షల్లో గుడ్లు పెట్టేవి అవే. 1980ల్లో ఈ జాతి అడుగంటితే మేరీలాండ్ 1985 నుంచి 1990 దాకా వేటే నిషేధించింది. ఆ తర్వాత బాగా పుంజుకుంది. మళ్లీ తగ్గిపోయిందని 2019లో లెక్క తేలింది. చీసపీక్ బేలో కొన్నేళ్లుగా చేపపిల్లలు సరిగా నిలవడం లేదు. 31 అంగుళాల పై హద్దు 2023లో అత్యవసరంగా పెట్టిందే. ఇవన్నీ తెలిసినా, అంత చేప చేతిలోంచి జారిపోతుంటే భీమవరం గుండెకు కష్టమే. ఒడ్డు నుంచి మూడు మైళ్లు దాటితే ఈ చేపను పట్టడమే నేరం. అందుకే బయట ఎన్ని పక్షులు వాలినా కెప్టెన్లు జీపీఎస్ తెర మీద మూడు మైళ్ల గీత చూసుకుంటూ లోపలే ఉంటారు. అడ్డం తిరిగి గొణగొద్దు.

బార్నెగాట్ లైట్ అందంలో అన్నిటికంటే ముందు, వసతుల్లో అన్నిటికంటే వెనక. పార్క్‌వే 63 దగ్గర దిగి, రూట్ 72 మీద వంతెన దాటి లాంగ్ బీచ్ ఐలాండ్‌లోకి వెళ్లి, ఉత్తరపు కొస దాకా నడపాలి. సీజన్ అయిపోయాక ఆ ద్వీపంలో ట్రాఫిక్ లైట్లు కూడా పసుపు రంగు మిణుకుమిణుకుల్లోకి మార్చేస్తారు, ఆగే పనే ఉండదు. హోటళ్లలో చాలా వాటికి తాళాలు. టీ తాగుదామన్నా వెతుక్కోవాలి. 1859 నుంచి నిలబడ్డ ఎరుపు తెలుపుల లైట్‌హౌస్ కింద నుంచి పడవ బయటికి వెళుతుంటే బాగానే ఉంటుంది కానీ, బార్నెగాట్ ఇన్‌లెట్ పేరు మోసిన ప్రమాదకరమైన దారి. అడుగున ఇసుక మేటలు, పైన విరిగే అలలు. సొంత చిన్న పడవతో అక్కడ ప్రయోగాలు వద్దు. చేపలు దక్షిణానికి జరుగుతూ పోతాయి కాబట్టి నవంబర్ మొదట్లో కంటే చివర్లో, డిసెంబర్‌లో ఈ రేవుకు కలిసొస్తుంది. వచ్చేవాళ్లు తక్కువ, రెయిల్ (పడవ అంచు కమ్మీ) దగ్గర చోటు ఎక్కువ.

ఇక ఏ రకం పడవ? హెడ్ బోట్ అంటే తలకింత అని టికెట్ కొని ఎక్కేది. మేము వెళ్లినవి వంద డాలర్ల అటూఇటూ, రాడ్ అద్దె వేరే. ముప్ఫై నలభై మంది ఎక్కుతారు. వెనక మూలలు మంచి చోట్లు, ముందు వచ్చినవాళ్లవి, అందుకే గంట ముందే రేవులో ఉండాలి. రెగ్యులర్‌గా వచ్చే పెద్దాయనలు ఆ మూలల్లో చీకట్లోనే రాడ్లు కట్టేసి కాఫీ తాగుతుంటారు. వాళ్లతో తగువు పెట్టుకోవడం కంటే పక్కన నిలబడి చూసి నేర్చుకోవడం లాభం. చార్టర్ అంటే పడవ మొత్తం మీ గుంపుకే అద్దెకు తీసుకునేది, ఆరుగురి దాకానే. మేము ఎక్కినప్పుడు మనిషికి రెండు వందలు దాటింది. కెప్టెన్ మీ కోసమే తిరుగుతాడు, పిల్లలుంటే ఓపిగ్గా నేర్పుతాడు. అయితే చాలా చార్టర్లు పెద్ద స్పూన్లు (చెంచా ఆకారపు లోహపు ఎరలు) నీళ్లలో లాక్కుంటూ ట్రోలింగ్ చేస్తాయి. చేప పడ్డాక రాడ్ మన చేతికిస్తారు. చేపలు బాగానే పడ్డాయి గానీ నాకది ఎవరో కలిపి పెట్టిన అన్నం తిన్నట్టుంది. కుటుంబంతో వెళితే చార్టర్, చేతులారా పట్టాలనుకుంటే హెడ్ బోట్. రెండింటికీ చేపల వేట కోసం రాష్ట్రం దగ్గర మీరు విడిగా రిజిస్టర్ కానక్కర్లేదు, పడవ వాళ్లది సరిపోతుంది.

హెడ్ బోట్‌లో అసలు సేవ మేట్‌లదే. చిక్కులు విప్పేది, గాలం తీసేది, కొలిచేది, కోసేది వాళ్లే. టికెట్ మీద పదిహేను ఇరవై శాతం చేతిలో పెట్టడం ఆనవాయితీ. నోట్లు వెంట ఉంచుకోండి. ఒక పడవలో మాత్రం ఇద్దరు మేట్‌లూ తెలిసిన ముఖాల దగ్గరే తిరిగారు, మా దారాలు చిక్కుపడితే మేమే విప్పుకున్నాం. ఇంకో పడవలో కుర్రాడు బావ వేళ్లు పట్టుకుని మరీ జిగ్ ఎలా ఆడించాలో చూపించాడు. కేబిన్‌లో హీటర్ ఉంటుంది. కొన్ని పడవల్లో రెయిల్ లోపల వేడి నీళ్లు పారుతూ చేతులు కాచుకునే ఏర్పాటు కూడా ఉంది. డిసెంబర్‌లో దాని విలువ తెలుస్తుంది. ఫోన్‌లో అడిగి మరీ అలాంటిదే ఎంచుకోండి.

తిండి విషయంలో ఒక హెచ్చరిక. గ్యాలీలో, అంటే పడవ వంటగదిలో, పోర్క్ రోల్, గుడ్డు, చీజ్ శాండ్‌విచ్, కాఫీ తప్ప పెద్దగా దొరకవు. శాకాహారులు పులిహోర కట్టుకెళ్లడం మంచిది, చలికి గట్టిపడదు, చేత్తో తినొచ్చు. అరటిపండ్లు మాత్రం తీసుకెళ్లొద్దు. పడవలో అరటిపండు ఉంటే చేప పడదని ఇక్కడ గట్టి నమ్మకం. తాంబూలంలో అరటిపండు లేకుండా ఏ శుభకార్యమూ చేయని మనకు అది జీర్ణం కావడం కష్టమే అయినా, మేట్ సరదాగా కాదు, నిజంగానే చిరాకు పడతాడు. వాంతి మాత్ర పడవెక్కాక వేసుకుంటే లాభం లేదు, ముందు రాత్రి ఒకటి, పొద్దున ఒకటి.

రాత్రి బసకు పాయింట్ ప్లెజెంట్ బీచ్ నయం. బెల్మార్‌కు దగ్గర, చలికాలంలోనూ తెరిచి ఉండే అక్వేరియం ఉంది, పిల్లలను తీసుకొచ్చిన వాళ్లు సగం మందిని అక్కడ దింపి రావచ్చు. వేసవి రేట్లతో పోలిస్తే మోటెళ్లు బాగా చౌక. రోడ్ల మీద పార్కింగ్‌కు పెద్దగా వెతుక్కోనక్కర్లేదు. మేము దిగిన ఒక మోటెల్‌లో హీటర్ చప్పుడు తప్ప వేడి లేదు. గది చూసి, హీటర్ వేయించి, అప్పుడు డబ్బు కట్టండి. అట్లాంటిక్ హైలాండ్స్‌కైతే బస అవసరమే లేదు, ఎడిసన్ నుంచి తెల్లవారుజామున బయల్దేరితే చాలు.

చేప దొరికిందనుకోండి. మేట్ ఫిల్లెట్లు తీసి తల, ముళ్లు పారేస్తాడు. తల మాకు కావాలని ముందే చెప్పాలి, ఒకింత ఆశ్చర్యంగా చూసి ఇస్తాడు. మాంసం తెల్లగా, గట్టిగా ఉంటుంది, చింతపండు పులుసులో విరిగిపోదు. పండుగప్పకు దగ్గరి రుచి అని బావ తీర్పు. తోలు కింద ఎర్రటి మాంసం, కొవ్వు తీసేయండి. ఈ చేపలో పీసీబీలు అనే విష రసాయనాలు చేరతాయి కాబట్టి తక్కువగానే తినమనీ, గర్భిణులు, చిన్నపిల్లలు అసలు తినొద్దనీ రాష్ట్రమే చెబుతోంది. అమ్మకానికి ఈ రాష్ట్రంలో పట్టడం కుదరదు కాబట్టి మీరు పట్టిందే మీకు. అసలు పులుసు కోసమే వెళ్లేవాళ్లయితే స్ట్రైపర్ పడవ వద్దు, అదే రేవుల నుంచి మునిగిన ఓడల మీదికి వెళ్లే టాటాగ్ పడవలెక్కండి. పీతల ఎరతో పట్టే ఆ నల్ల చేప కూరకు ఇంకా మేలు.

నవంబర్ చివరికి గాలానికి స్ట్రైపర్ల కంటే డాగ్‌ఫిష్‌లే ఎక్కువ పడే రోజులొస్తాయి. చిన్న సొర జాతి, వీపు మీద రెండు ముళ్లు. పడవంతా విసుక్కుంటూ వాటిని విసిరేస్తుంటే బావ మాత్రం ప్రతిదాన్నీ కళ్లతో సాగనంపాడు. "పిట్టు చేస్తే ఇంటిల్లిపాదికీ వచ్చేది కదరా!" అని.

బయల్దేరే ముందు రాత్రి రేవుకు ఫోన్ చేయడం మానొద్దు. మంది చాలకపోయినా, గాలి ఎక్కువైనా పడవ కదలదు. మామూలు యాప్‌లో వాన గుర్తు చూసి భయపడక్కర్లేదు, గాలి దిక్కు చూడండి. పడమటి గాలి ఒడ్డు మీంచి వీస్తుంది కాబట్టి బీచ్ పక్కన నీళ్లు చదునుగా ఉంటాయి, చలి కొరికినా వేట సాగుతుంది. రెండు రోజులుగా తూర్పు గాలి కొడుతుంటే మాత్రం టికెట్ ఇంకో వారానికి మార్చమని అడగండి. మేము మాట్లాడిన పడవల వాళ్లు ఒప్పుకున్నారు.